రెండు రూపాయల బియ్యం, మా పిన్ని సైడు కాలువ

ముందు కొన్ని అంకెలు. సీఎస్ఈ వాణ్ణి, అంకెలతో మొదలుపెట్టకపోతే నాకు చెయ్యి ఆడదు.

2019 ఆంధ్రప్రదేశ్ అసెంబ్లీ ఎన్నికల్లో తెలుగుదేశానికి వచ్చిన ఓట్లు 39.17 శాతం, సీట్లు 23. 2024లో వైఎస్సార్ కాంగ్రెస్‌కి వచ్చిన ఓట్లు 39.37 శాతం, సీట్లు 11. రెండుసార్లూ ఓడింది అప్పటిదాకా గద్దె మీద ఉన్నవాళ్లే. రెండుసార్లూ ఓటేసిన ప్రతి పదిమందిలో దాదాపు నలుగురు వాళ్లకే వేశారు. కానీ రిజల్ట్స్ రోజు మా వాట్సాప్ గ్రూపులు చూస్తే ఆ నలుగురూ అసలు భూమ్మీదే లేనట్టు మాట్లాడారు అందరూ. "జనం తరిమేశారు" అని ఒకటే మాట.

ఇంకో రకంగా చూద్దాం. వైఎస్సార్ కాంగ్రెస్‌కి 2019లో 49.95 శాతం ఓట్లు, 151 సీట్లు. అయిదేళ్లలో తగ్గింది పదిన్నర శాతం. అంటే ముందు ఆ పార్టీకి ఓటేసిన ప్రతి అయిదుగురిలో నికరంగా ఒక్కరు పక్కకి జరిగారు. ఎదురుగా విడివిడిగా ఉన్న మూడు పార్టీలు ఒక్కటయ్యాయి. అంతే, 151 కాస్తా 11 అయింది.

ఆ ఒక్కరు ఎందుకు జరిగారు? చాలా రోజులుగా ఈ ప్రశ్న నన్ను వదలట్లేదు. 2024 మే 13న నేను వేసింది నా మొదటి ఓటు. ఎవరికి వేశానో ఇక్కడ చెప్పను, పార్టీల గొడవ తేవద్దని మా ఎడిటర్ అక్క ముందే వార్నింగ్ ఇచ్చింది. పైగా ఈ ప్రశ్న పట్టుకోవడానికి కారణం చంద్రబాబు గారో, జగన్ గారో, కేసీఆర్ గారో కాదు. మా పిన్ని.

మా పిన్ని సర్పంచి. 2021 ఫిబ్రవరి పంచాయతీ ఎన్నికల్లో మహిళా రిజర్వేషన్ వచ్చి నిలబడింది. ఆవిడ టైలరు. బ్లౌజులు కుట్టే మనిషికి గుర్తుల్లో కత్తెర వచ్చేసరికి ఊరంతా నవ్వుకున్నారు, ఆ నవ్వుతోనే సగం ప్రచారం అయిపోయింది. 61 ఓట్ల మెజారిటీ. గెలిచిన రాత్రి ట్రాక్టరు మీద ఊరేగించారు. నాకప్పుడు పద్నాలుగో పదిహేనో. పిన్ని మెడలో బంతిపూల దండలు, ముఖం నిండా గులాల్, ట్రాక్టరు వెనకాల నేను. ఆ రోజు ఈల వేసినవాళ్లలో కొందరు ఇప్పుడు పిన్ని కనిపిస్తే ఫోను చూసుకుంటూ వెళ్లిపోతున్నారు. ఆవిడ డబ్బు తిన్నదా అంటే, లేదు. నేను ఆవిడ చెల్లెలి కొడుకునో అక్క కొడుకునో కాబట్టి చెప్పట్లేదు, తినడానికి పంచాయతీ ఖాతాలో ఏమైనా ఉంటే కదా.

అసలు ఏం జరిగిందో చెప్తాను. ఆ ఊళ్లో నాలుగు వీధులకి మురుగు కాలువ లేదు. వానాకాలం వస్తే నాలుగు వీధులూ సమానంగా బురద. దాని గురించి ఎవరికీ ఎవరి మీదా కోపం లేదు. రెండో ఏడు కాస్త డబ్బు వచ్చింది. ఆ డబ్బుకి ఒక్క వీధిలోనే సైడు కాలువ అవుతుంది. పిన్ని పల్లంగా ఉన్న వీధిని ఎంచుకుంది, అంగన్‌వాడీ ఉన్నది అక్కడే కాబట్టి. చాలా సరైన నిర్ణయం. నేనైనా అదే చేసేవాణ్ణి, మీరైనా అదే చేసేవాళ్లు.

కాలువ పూర్తయిన రోజు నుంచి మిగతా మూడు వీధుల్లో కథ మొదలైంది. "బాబాయి గారి చుట్టాలు ఆ వీధిలోనే ఉన్నారుగా" అని. ఉన్నమాట నిజమే, ఆ ఊళ్లో బాబాయి చుట్టాలు లేని వీధి ఎక్కడుంది! అంతకుముందు బురదని బురదగానే చూసినవాళ్లకి ఇప్పుడు అదే బురద తమకి జరిగిన అన్యాయంలా కనిపించింది. సరే, కాలువ వచ్చిన వీధైనా సంతోషపడిందా అంటే, ఒక్క వానాకాలం పడింది. మరుసటి ఏడు కాలువలో పూడిక పేరుకుంది. "కాలువ కట్టి వదిలేస్తే సరిపోతుందా, పూడిక ఎవరు తీయిస్తారు?" అని వాళ్లే మొదటగా ఇంటికొచ్చారు. కాలువ లేనప్పుడు బురద దేవుడిది. కాలువ వచ్చాక పూడిక సర్పంచిది.

ఇదేదో మా ఊరి విచిత్రం అనుకున్నాను. తర్వాత చదివితే తెలిసింది, జాన్ మ్యూలర్ అనే అమెరికన్ ప్రొఫెసర్ 1970లో సరిగ్గా దీని మీదే ఒక పేపరు రాశారని. ట్రూమన్ నుంచి జాన్సన్ వరకు అమెరికా అధ్యక్షుల జనాదరణ సర్వేలన్నీ తీసుకుని చూశారాయన. అందులో ఒక వాదన ఇది: అధికారంలో ఉన్నవాడు ఏ నిర్ణయం తీసుకున్నా ఒక చిన్న గుంపుకి కోపం వస్తుంది. ఈసారి వీళ్లు, వచ్చేసారి వాళ్లు. ఒక్కో గుంపు చిన్నదే, కానీ కోపాలు కూడుతూ పోతాయి. కొన్నేళ్లకి ఆ చిన్న గుంపులన్నీ కలిపితే పెద్ద గుంపు. ట్రూమన్‌నే చూడండి. 1945లో గాలప్ సర్వేలో ఆయన్ని మెచ్చుకున్నవాళ్లు 87 శాతం, 1952కి 22 శాతం. మ్యూలర్ మా ఊరు వచ్చుంటే పేపరు రెండు పేజీల్లో అయిపోయేది: నాలుగు వీధులు, ఒక కాలువ.

మన దగ్గరికొస్తే నాకు అన్నిటికన్నా బాగా అర్థమైన కేసు ఎన్టీ రామారావు గారిది. ఆయన పాలన చూసిన వయసు కాదు నాది, మా నాన్నకే అప్పుడు సరిగ్గా లాగు నిలిచేది కాదు. కానీ అమ్మమ్మ దగ్గర ఆ చరిత్ర అంతా ఒక్క వస్తువు రూపంలో ఉంది: బియ్యం. 1983లో రెండు రూపాయలకి కిలో బియ్యం వచ్చినప్పుడు అమ్మమ్మ వాళ్లు కూలికి వెళ్లేవాళ్లు. అంతకుముందు చాలా రోజులు నూకలే. కొత్త బియ్యంతో వండిన అన్నం చూసి ముసలివాళ్లు ఆ దేవుడు రాముడి వేషంలో వచ్చాడన్నారని చెప్తుంది. ఇది చెప్పేటప్పుడు ఆవిడ గొంతు ఇప్పటికీ మారుతుంది.

మరి 1985లో 202 సీట్లు గెలిచిన ఆయన 1989లో 74కి ఎలా పడిపోయారు? కల్వకుర్తిలో స్వయంగా ఎలా ఓడిపోయారు? బియ్యం ఆగలేదే!

ఇక్కడే నాకు మొదటి ముడి విడింది. బియ్యం ఆగలేదు కాబట్టే దాని గురించి ఎవరూ ఆలోచించలేదు. మన హాస్టల్ వైఫై తీసుకోండి. పనిచేసిన రోజు "అబ్బ, ఈరోజు వైఫై ఎంత బాగుందో" అని ఎవరైనా స్టేటస్ పెట్టారా? సర్వరు 364 రోజులు నడిచినా దానికి పేరు లేదు, ఆగిపోయిన ఆ ఒక్క రోజుకే దాని పేరు అందరి నోట్లో. రెండు రూపాయల బియ్యం మొదటి ఏడు అద్భుతం, రెండో ఏడు అలవాటు, అయిదో ఏడు హక్కు. హక్కుకి ఎవరూ కృతజ్ఞత చెప్పరు, చెప్పాల్సిన పని కూడా లేదు.

కానీ ఆయన వల్ల నష్టపోయామనుకున్నవాళ్లు మాత్రం లెక్క మర్చిపోలేదు. 1983లో ప్రభుత్వ ఉద్యోగుల రిటైర్మెంటు వయసు 58 నుంచి 55కి తగ్గించారు. ఒక్కసారిగా ఇంటికి వెళ్లాల్సి వచ్చిన ఉద్యోగి ఇంట్లో ఆ రోజు ఎలా ఉండుంటుందో ఊహించండి. 1984లో కరణాలు, మునసబుల వ్యవస్థ తీసేశారు. నా దృష్టిలో అది చాలా మంచి పని. కానీ తరతరాలుగా ఊరి లెక్కలు చేతిలో పెట్టుకున్న కుటుంబాలు ఊరిలో మాట చెల్లేవాళ్లు కదా, ఊరుకుంటాయా? తర్వాత 1988 డిసెంబరులో విజయవాడలో వంగవీటి మోహనరంగా హత్య, ఆ వెంటనే అల్లర్లు. 1989 మొదట్లో బడ్జెట్ లీకైందని మొత్తం మంత్రివర్గాన్ని ఒక్క దెబ్బకి తొలగించడం. మంత్రి పదవి పోయినాయన తన నియోజకవర్గంలో ఎవరి కోసం గట్టిగా తిరుగుతాడు? కాలువ దక్కని వీధులు ఇలా ఒకటొకటిగా పెరిగాయి.

బియ్యం కథ అక్కడితో ఆగలేదు, మిగతాది త్వరగా చెప్పేస్తాను. తర్వాతి ప్రభుత్వంలో రేటు పెరిగింది. 1994లో ఆయన మళ్లీ అదే హామీతో వచ్చి 216 సీట్లు గెలిచారు. అంటే జనం బియ్యాన్ని మర్చిపోలేదు, పోయాక గుర్తు తెచ్చుకున్నారు. 1996లో చంద్రబాబు గారి హయాంలో మూడున్నర, 2008లో వైఎస్ రాజశేఖరరెడ్డి గారు మళ్లీ రెండు, 2011లో కిరణ్‌కుమార్‌రెడ్డి గారు రూపాయి, 2023 నుంచి కేంద్రం ఆహార భద్రత చట్టం కింద పూర్తిగా ఉచితం. ఇప్పుడు మా అమ్మమ్మ ఆ ఉచిత బియ్యం సంచి దించుకుంటూ "ఇవి అట్లకి తప్ప దేనికి పనికొస్తాయే" అంటుంది. రెండు రూపాయల బియ్యానికి కళ్లనీళ్లు పెట్టుకున్న మనిషే!

అమ్మమ్మని వేళాకోళం చేయట్లేదు. మనందరి బుర్రా అలాగే పనిచేస్తుందని కానెమాన్, ట్వెర్‌స్కీ 1979లోనే చెప్పారు. మనిషి తన దగ్గర ఉన్నదాన్ని సున్నా అనుకుంటాడు, అక్కణ్ణుంచి పైకీ కిందకీ కొలుస్తాడు, పైకి వెళ్లిన సంతోషం కంటే కిందకి జారిన బాధ పెద్దది. అమ్మఒడి గుర్తుందిగా, మనలో చాలామంది ఇళ్లకి వచ్చిందే. 2020లో మొదటిసారి 15 వేలు. తర్వాత మరుగుదొడ్ల నిర్వహణకని, బడుల నిర్వహణకని వెయ్యి, ఇంకో వెయ్యి మినహాయించి 14 వేలు, 13 వేలు. ఏమీ లేని చోట 13 వేలు వచ్చాయి అనాలి లెక్క ప్రకారం. కానీ టీకొట్ల దగ్గర మాట్లాడింది ఆ 13 గురించి కాదు, రెండు గురించి.

ఇదంతా చదివి "అయితే జనానిదే తప్పంటావా" అనకండి. అనను. కొన్ని గాయాలు నాయకులు చేతులారా చేసేవి. భూముల రీసర్వే తర్వాత ఇచ్చిన పట్టాదారు పాసుపుస్తకాల మీద ముఖ్యమంత్రి ఫోటో వేశారు. సరిహద్దు రాళ్ల మీదా వేశారు. రీసర్వే అనేది ఎప్పటినుంచో చేయాల్సిన పనే, వందేళ్ల నాటి లెక్కలతో ఎంతకాలం నడుస్తాం. కానీ తాత ఇచ్చిన ఎకరం కాగితం మీద ఇంకొకరి ముఖం ఉంటే రైతుకి ఎలా ఉంటుంది? దానికి తోడు ల్యాండ్ టైటిలింగ్ చట్టం వచ్చింది, ఆ చట్టంలో ఏముందో చదివినవాళ్లు తక్కువ, భయపడినవాళ్లు ఎక్కువ. కొత్త ప్రభుత్వం రాగానే చట్టం రద్దు చేసింది, పాసుపుస్తకాల మీద రాజముద్ర వేసింది. పేరు రావాలని వేసుకున్న ఫోటోనే పేరు పోగొట్టింది. నేను ఎవరి అభిమానినైనా కావచ్చు, ఇది మాత్రం ఎవరూ అడగని పని.

మన బ్రాంచి వాళ్లకి ఇంకో ఉదాహరణ దగ్గరగా ఉంటుంది. హైదరాబాద్ హైటెక్ సిటీలో సైబర్ టవర్స్ 1998లో తెరిచారు. మన సీనియర్లలో సగం మంది ఇవాళ ఆ చుట్టుపక్కలే పనిచేస్తున్నారు, ప్లేస్‌మెంట్ సీజన్లో మనం కలవరించేది ఆ ప్రాంతం పేరే. కానీ 2004 ఎన్నికల్లో తెలుగుదేశం 180 నుంచి 47కి పడిపోయింది. ఎందుకంటే టవర్ల లాభం పొందబోయే పిల్లలు అప్పటికి బడిలో ఉన్నారు, కొందరు పుట్టనే లేదు. కరెంటు చార్జీలు మాత్రం 2000లోనే పెరిగాయి, ఆ గొడవలోనే ఆగస్టు 28న బషీర్‌బాగ్‌లో కాల్పులు జరిగి మనుషులు చనిపోయారు. వరసగా కరువు. రైతు బోరు ఎండింది ఆ ఏడే, ఆ నెలే. నెట్‌వర్క్స్ క్లాసులో లేటెన్సీ అని చెప్తారే, అదీ. బాధ వెంటనే చేరుతుంది, మేలు ఇరవై ఏళ్లకి చేరుతుంది, ఎన్నికలేమో అయిదేళ్లకోసారి. 2003 అక్టోబరు 1న అలిపిరిలో ఆయన మీద బాంబు దాడి జరిగి బతికి బయటపడ్డారు. సానుభూతి ఉంటుందనుకుని ముందే ఎన్నికలకి వెళ్లారు. మనిషి బతికినందుకు జనం సంతోషించారు, ఓటు మాత్రం బోరుని చూసి వేశారు.

పేపర్లు దీనంతటికీ కలిపి "ప్రభుత్వ వ్యతిరేకత" అని ఒక పేరు పెట్టేస్తాయి. మా ఊరి ఆరెంపీ డాక్టరు ఏ జ్వరమైనా "వైరల్" అంటాడు, అలాగ.

సరే, కోపాలు కూడతాయి, మేలు మరుగున పడుతుంది. ఇదంతా తెలిసిన నాయకుడు సర్దుకోవచ్చు కదా? ఇన్నేళ్ల అనుభవం ఉన్నవాళ్లు, ఇంటెలిజెన్స్ రిపోర్టులు ఉన్నవాళ్లు ఎందుకు కనిపెట్టలేకపోతున్నారు? ఇదే నాకు అన్నిటికంటే వింతగా అనిపించేది. దీనికి జవాబు కూడా పిన్ని కుట్టుమిషను దగ్గరే దొరికింది.

పిన్ని మిషను వరండాలో ఉండేది. బ్లౌజు కొలతలకి వచ్చినవాళ్లు గంటలు గంటలు కూర్చునేవాళ్లు. ఎవరింట్లో ఏం గొడవ, ఏ కుళాయి రావట్లేదు, ఎవరి పింఛను ఆగింది, అన్నీ ఆ వరండాకి చేరేవి. ఊరి గురించి పిన్నికి తెలిసినంత పంచాయతీ కార్యదర్శికి కూడా తెలిసేది కాదు. ఆవిడ గెలిచింది కూడా అందుకే అని నా నమ్మకం. గెలిచాక కొన్నాళ్లకి కుట్టించుకోవడానికి వచ్చేవాళ్లు తగ్గారు. సర్పంచి గారికి బ్లౌజు ఇచ్చి "మెడ ఇంకాస్త దించమ్మా" అని బేరాలాడ్డం బాగుండదు అనుకున్నారేమో. వచ్చేవాళ్లు రెండే రకాలు: అర్జీతో వచ్చేవాళ్లు, పొగడ్డానికి వచ్చేవాళ్లు. ఒకరోజు పిన్ని నాతో అంది, "నేను వెళ్తే మాటలు ఆగిపోతున్నాయి రా. ఇదివరకు నేను వెళ్తే మొదలయ్యేవి."

ఫోన్లు బాబాయి ఎత్తుతాడు. మన ఊళ్లలో మహిళా సర్పంచి ఫోను భర్త దగ్గర ఉండటం కొత్తేం కాదు, నాకు నచ్చదు, అది వేరే వ్యాసం. బాబాయి చెడ్డవాడు కాదు. కానీ సాయంత్రం పిన్ని "ఎవరైనా ఏమైనా అన్నారా?" అంటే "అంతా బానే ఉందిలే" అంటాడు. ఆవిడ బాధపడకూడదని కొంత, వినడానికి తనకి ఓపిక లేక కొంత. మూడు వీధుల కోపం ఇంట్లోకి చేరడానికి ఎనిమిది నెలలు పట్టింది. అది కూడా అమ్మమ్మ చెప్తే.

ఒక ఊరి సర్పంచికే ఇలా ఉంటే ముఖ్యమంత్రి సంగతి చెప్పాలా! 2017లో చంద్రబాబు గారు రియల్ టైమ్ గవర్నెన్స్ అని పెట్టారు, 1100 నంబరు కాల్ సెంటరు, జనానికి ఫోన్లు చేసి సంతృప్తి శాతాలు అడగడం, పెద్ద తెర మీద డాష్‌బోర్డు. టెక్నాలజీ పరంగా నాకు ముచ్చటేస్తుంది. కానీ ప్రభుత్వం నుంచి ఫోను వచ్చి "మీరు సంతృప్తిగా ఉన్నారా, అయితే ఒకటి నొక్కండి" అంటే పింఛను తీసుకునే ముసలాయన ఏది నొక్కుతాడు? 2014లో 102 సీట్లున్న పార్టీకి 2019లో 23 వచ్చాయి. ఆ తర్వాత జగన్ గారు ప్రతి యాభై ఇళ్లకి ఒక వాలంటీరుని పెట్టారు. సమాచారం రావాలంటే అంతకన్నా దగ్గరి దారి ఉండదు. కానీ వాలంటీరుకి గౌరవ వేతనం ఇచ్చేది పైవాళ్లు. వాలంటీరు ముందు తిట్టి పథకం పోగొట్టుకోవాలని ఎవరికుంటుంది? 2024 ఎన్నికలకి ఆ పార్టీ నినాదం "వై నాట్ 175". జోకు కాదు, వాళ్లకి అందిన డేటాలో నిజంగానే అలా కనిపించి ఉండొచ్చు. ఎర్రర్లు రాయని లాగ్ ఫైల్ చూసి ప్రోగ్రామ్ బాగుందనుకోవడం లాంటిది ఇది. మనమూ ల్యాబులో చేస్తాం.

తెలంగాణలో కేసీఆర్ గారి నివాసం ప్రగతి భవన్ ముందు ఇనుప కంచె ఉండేది. 2023 డిసెంబరు 7న కొత్త ముఖ్యమంత్రి ప్రమాణం చేసిన రోజే దాన్ని పీకేశారు. రైతుబంధు వచ్చింది, కరెంటు వచ్చింది, అయినా జనం ఎక్కువగా చెప్పుకున్నది ఆ కంచె గురించే. 2018లో 88 సీట్లు, 2023లో 39. రామారావు గారికి కల్వకుర్తిలా ఈయనకి కామారెడ్డి. ఇక్కడ ఒక చిన్న తమాషా గమనించాను. కేసీఆర్ గారు 2023 ఆగస్టులోనే అభ్యర్థుల్ని ప్రకటించారు, సిట్టింగుల్లో ఏడుగురిని మాత్రమే మార్చారు. అది చూసి "ఎమ్మెల్యేల మీద కోపం, మార్చకపోవడమే కొంప ముంచింది" అన్నారు. తర్వాత ఆరు నెలలకి జగన్ గారు పెద్ద సంఖ్యలో మార్చారు. "మార్చడమే కొంప ముంచింది" అన్నారు. వార్త ఆలస్యంగా చేరితే ఏ మందు వేసినా ఒకటే.

అందరూ ఓడతారని కాదు. రాజశేఖరరెడ్డి గారు 2009లో మళ్లీ గెలిచారు. కానీ 185 సీట్లు 156 అయ్యాయి, ప్రజారాజ్యం వచ్చి వ్యతిరేక ఓటుని చీల్చింది. ఒడిశాలో నవీన్ పట్నాయక్ 2000 నుంచి వరసగా అయిదుసార్లు గెలిచారు, 2024లో ఆయనకీ ఆ రోజు వచ్చింది. అంటే కోపం కూడుతూనే ఉంటుంది, దానికి వెళ్లడానికి ఒక చోటు దొరికేదాకా ఆగుతుంది అంతే.

పిన్ని పదవీకాలం వచ్చే ఏడాది అయిపోతుంది. రిజర్వేషన్ మారకపోతే మళ్లీ నిలబడాలా వద్దా అని ఇంట్లో రోజూ గొడవే. బాబాయి నిలబడాలంటాడు, "ఇంత చేశాక వదిలేస్తే చేతకాక పారిపోయారంటారు." అమ్మమ్మ వద్దంటుంది, "ఈ పరువుతో బయటపడవే." మా అమ్మ ఒకరోజు ఇటు, ఒకరోజు అటు. పిన్ని ఏమీ అనదు. ఓడిపోతానేమో అన్నది ఆవిడ భయం కాదు. ఓడిపోయాక అదే ఊళ్లో, అదే వరండాలో, తనకి ఓటెయ్యని వాళ్ల బ్లౌజులే కుట్టాలి. ముఖ్యమంత్రులకి హైదరాబాద్‌లో ఇళ్లుంటాయి.

దసరా సెలవులకి వెళ్లినప్పుడు ఆవిడ నాకొక నోటుబుక్కు ఇచ్చింది. బ్లౌజు కొలతలు రాసుకునే పాత పుస్తకం. వెనక పేజీల నుంచి మొదలుపెట్టి నాలుగున్నరేళ్లుగా ఎవరు ఏం అడిగారో రాసుకుంది. బాబాయికి కూడా తెలియదట. వీధి దీపం, కుళాయి, పింఛను, ఇంటి స్థలం, శ్మశానానికి దారి, కొడుకు ఉద్యోగానికి ఎమ్మెల్యే గారికి ఒక మాట. "ఇవన్నీ కంప్యూటర్లో ఎక్కించి వీధుల వారీగా పెట్టరా" అంది. రెండు రోజులు పట్టింది. పేరు, వీధి, అడిగింది, తేదీ, అయిందా లేదా, అయిదు కాలమ్స్. అయినవి ఆకుపచ్చ, కానివి ఎరుపు. ఆకుపచ్చ నేను అనుకున్నదానికన్నా చాలా ఎక్కువే ఉంది. అది చూపించి, "చూశావా పిన్నీ, దీన్నే ఫ్లెక్సీ వేయిస్తే సరిపోతుంది" అన్నాను.

"అయినవి నాకెందుకు, వాళ్లకెందుకు," అంది. "ఎర్రవి చదువు."

మొదటి వీధి నుంచి చదవడం మొదలుపెట్టాను. కొన్నిటి దగ్గర ఆపి, "ఇది నా చేతిలో లేదని అప్పుడే చెప్పాల్సింది కదరా ఆవిడకి" అంది. కొన్నిటికి "ఇది ఇంకా చెయ్యొచ్చు" అని పెన్నుతో చేతి మీద రాసుకుంది. మూడో వీధికి వచ్చేసరికి బాబాయి లేచి బయటికి వెళ్లిపోయాడు. నాలుగో వీధి అయ్యేసరికి చీకటి పడింది. పిన్ని లైటు వేసి, మిషను మీద ఉన్న గుడ్డలు పక్కన పెట్టి, "రేపు పొద్దున నువ్వు ఖాళీయేనా? ఒక్క ఇంటికైనా వెళ్లొద్దాం, మీ బాబాయికి చెప్పకు" అంది.

పొద్దున మొదట వెళ్లింది కాలువ లేని వీధిలో చివరి ఇంటికి. ఆ ఇంటావిడ మమ్మల్ని చూసి కుర్చీ వెయ్యలేదు. పిన్ని అరుగు మీదే కూర్చుంది. చాలాసేపు ఎవరూ ఏమీ మాట్లాడలేదు. తర్వాత ఆవిడే మొదలుపెట్టింది, తిట్టడం. ముప్పావుగంట తిట్టింది. మధ్యలో ఒకసారి మంచినీళ్లు తెచ్చి ఇచ్చి మళ్లీ తిట్టింది. పిన్ని ఒక్క మాటకి అడ్డు రాలేదు, కాలువ గురించి సంజాయిషీ కూడా చెప్పలేదు. వచ్చేసేటప్పుడు ఆవిడ గుమ్మం దాకా వచ్చి, "దీపావళికి మా అమ్మాయి వస్తుంది, రెండు జాకెట్లున్నాయి, కుడతావా, లేకపోతే టౌనుకి ఇవ్వమంటావా?" అని అడిగింది.

కుడతానంది పిన్ని. నామినేషన్ సంగతి మాత్రం ఇంకా ఎటూ తేలలేదు.